రోడ్డు కింద డొల్ల కనిపిస్తే కాంక్రీటు పోసేయడమేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

వానాకాలంలో నగరంలో ఎక్కడో ఒకచోట రోడ్డు కుంగుతుంది. ఫొటో పేపర్లో పడుతుంది. మర్నాడు రెడీమిక్స్ లారీ వచ్చి గుంత నింపేసి పోతుంది. ఏళ్ల తరబడి బోరుబండి నడిపినవాడిగా ఈ పద్ధతి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైటు. అది నీళ్లకు కరిగి గుహలయ్యే రాయి కాదు. ఇక్కడ రోడ్డు కింద డొల్ల పడిందంటే చాలావరకు మన పుణ్యమే. పాత పైపు పగులుతుంది, కారే నీళ్లు మట్టిని లాక్కుపోతాయి, పైన తారు పెచ్చు ఒక్కటే మిగులుతుంది. పైపు బాగుచెయ్యకుండా కాంక్రీటు పోస్తే పక్కన ఇంకోచోట కుంగుతుంది, అంతే.

సున్నపురాయి నేల సంగతి వేరు. నేను ఎక్కువగా బోర్లు వేసింది రాయలసీమలో కొలిమిగుండ్ల, బనగానపల్లె, బేతంచెర్ల వైపు. నాపరాళ్ల సీమ అది. బండి ఆడుతుండగా ఉన్నట్టుండి రాడ్డు జర్రున దిగిపోయేది. కంప్రెసర్ గాలి తిరిగి పైకి రాదు, దుమ్ము ఆగిపోతుంది. ‘గ్యాప్ తగిలింది’ అనేవాళ్లం, అంటే కింద రాయిలో డొల్ల ఉందని. వాన నీళ్లు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్లే పగుళ్ల వెంట రాయిని నెమ్మదిగా కరిగించి దారులు చేసుకుంటాయి. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలు అలా ఏర్పడ్డవే. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, 1982-83లో జర్మన్ గుహాన్వేషకుడు గెబావర్ బృందం లోపలంతా తిరిగి పరిశీలించింది. పొడవు 3,229 మీటర్లు. ముఖద్వారం కంటే 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గర నిలబడితే, పారే నీళ్లు బండలోకి దూరి మాయమవడం కళ్లారా చూడొచ్చు. పైన పొలంలో నడిచేవాడికి ఇదేమీ తెలియదు.

అలాంటి నేలలో రోడ్డు తవ్వుతుంటే జేసీబీ బకెట్ కింద రంధ్రం బయటపడొచ్చు. కాంట్రాక్టరుకు అది పనికి అడ్డం, ఊరికి అదే నీటి దారి. గుడ్డిగా కాంక్రీటుతో బిగించేస్తే కింది ఊళ్లో బోర్లు ఎండొచ్చు, లేదా నీళ్లు కొత్త దారి వెతుక్కుని రోడ్డునే కుంగదీయొచ్చు. ముందు భూగర్భ శాస్త్రవేత్త చూడాలి, చుట్టూ రెసిస్టివిటీ సర్వే (నేలలోకి కరెంటు పంపి కింద డొల్లలు, నీళ్లు ఎక్కడున్నాయో అంచనా వేసే పరీక్ష) చెయ్యాలి. పూడ్చక తప్పకపోతే అడుగున పెద్ద బండరాళ్లు, పైన చిన్నవి, ఆపైన కంకర వేసుకొస్తే నీళ్లకు సందు ఉంటుంది. డొల్ల పెద్దదైతే పైన స్లాబు వేసి దాటాలి. యూరప్‌లోని స్లొవేనియా దేశంలో మోటారు రహదారులు వేస్తున్నప్పుడు 300కు పైగా గుహలు బయటపడ్డాయి. అక్కడి పోస్టోయ్నా ఊళ్లోని సున్నపురాయి నేలల పరిశోధన సంస్థ వాళ్లు రోడ్డు పనితోపాటే ఉండి వాటిని పరిశీలించారు. రోడ్డు మీది వాన నీళ్లను కూడా నేరుగా నేలలోకి వదలకుండా ఒకచోట పట్టి, నూనె వేరుచేశాకే వదిలే ఏర్పాటు పెట్టుకున్నారు. సున్నపురాయి దారుల్లో నీళ్లు వడకట్టుకోవు మరి. పైన కారిన డీజిల్ త్వరగానే ఎవరి బోరులోనో తేలుతుంది.

ఇది మనకెందుకు అనకండి. మా కాలనీలో సీసీ రోడ్డు వేసినప్పుడు పక్క కాలువను తెచ్చి ఎండిపోయిన పాత బోరులో కలిపారు, దానికి ‘ఇంకుడు గుంత’ అని పేరు పెట్టారు. మొదటి పెద్ద వానకే పక్క అపార్ట్‌మెంటు బోరు నీళ్లు కంపు కొట్టాయి. వాచ్‌మన్ బకెట్లో పట్టి చూపిస్తే పైన నూనె తెట్టు రంగురంగులుగా తేలుతోంది. ఇంకుడు గుంత అంటే నీళ్లు కంకర, ఇసుక దాటుకుని నెమ్మదిగా మొరంలోకి దిగాలి. రోడ్డు నీళ్లను నేరుగా బోరులోకి వదిలితే గ్రానైటు పగుళ్లలోకి మురికిని మనమే ఎక్కించినట్టు.

నీరు, భూమి, చెట్ల రక్షణకు పెట్టిన వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బోరుబండ్ల రిజిస్ట్రేషన్ కూడా దాని కిందే. ఎన్ని అడుగుల్లో ఏ రాయి తగిలింది, గ్యాప్ ఎక్కడ పడింది అన్నది డ్రిల్లర్‌కు తెలుస్తుంది. ఆ వివరాలు ఒకచోట చేర్చి, తాండూరు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు లాంటి సున్నపురాయి ప్రాంతాల్లో రోడ్డుకు డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) రాసేముందే ఇంజినీర్ల చేతికివ్వాలి. కొలిమిగుండ్ల వైపు వేసిన బోర్ల నోటు పుస్తకాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. రోడ్డు డిజైన్ చేసేవాళ్లెవరైనా అడిగితే సంతోషంగా ఇస్తాను.

– ఒక పాత బోరుబండి డ్రిల్లర్, వనస్థలిపురం, హైదరాబాద్