మా తెల్లగుర్రం మళ్ళీ బరాత్‌కి బయల్దేరింది

అందరికీ నమస్తే. నెలన్నరగా ఎవరి ఫోనూ సరిగ్గా ఎత్తలేదు, ఏమనుకోకండి. మొన్న ఆదివారం మా తెల్లగుర్రం పెళ్ళికొడుకుని ఎక్కించుకుని నడిచింది. అది చూశాక ఈ నాలుగు ముక్కలు రాయకపోతే తప్పనిపించింది.

మాఘమాసం ముహూర్తాలు మొదలైన వారం. తొమ్మిది నెలల చూడితో ఉన్న మా ఎర్రగుర్రం తెల్లారేసరికి ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే కడుపు పోయింది. రాత్రి ఉలవ గుగ్గిళ్ళు శుభ్రంగా తిన్నది, ఏ బాధా కనిపించలేదు. పిల్ల మావితో సహా గడ్డిలో పడి ఉంది. ఎత్తి అవతల పారేద్దామనుకున్నా. సర్కారు పశువుల దవాఖానా డాక్టరమ్మ ఫోన్‌లోనే కేకలేసింది: "ముట్టుకోకు, కుక్కల్ని రానీకు, ఏ గుర్రాన్నీ గేటు దాటనీకు."

పరీక్షకి పంపితే గుర్రాల హెర్పిస్ వైరస్, ఒకటో రకం అని తేలింది. చాలా గుర్రాల ఒంట్లో చిన్నప్పుడే చేరి దాక్కుంటుందట. అలసట, ప్రయాణం, బెదురు ఎక్కువైతే మళ్ళీ లేస్తుందట. బ్యాండు, టపాసుల మధ్య గుర్రాన్ని నడిపించి బతికేవాణ్ణి, ఆ మాటకి ఏం బదులు చెప్పను?

రోజుకి రెండుసార్లు అన్నిటికీ జ్వరం చూడమంది. నాలుగో రోజు తెల్లగుర్రానికి 103 డిగ్రీలు. తర్వాత వెనక కాళ్ళు తడబడ్డాయి, మూత్రం చుక్కలుగా కారింది. వైరస్ వెన్నుపాము దాకా పోయిందన్నమాట. "నిలబడి ఉన్నంతసేపు ఆశ ఉంది" అని, డ్యూటీ అయ్యాక వరసగా ఐదు రాత్రులు వచ్చి గొట్టం వేసి మూత్రం తీసింది డాక్టరమ్మ. ఒక్క రూపాయి ముట్టలేదు. మనుషులకి అంటుకుంటుందని బస్తీలో పుకారు లేస్తే, గల్లీలో నిలబడి అది మనుషులకి రాదని, మన చేతుల మీద, బట్టల మీద మాత్రం ఇంకో గుర్రానికి చేరుతుందని తనే చెప్పింది.

అన్నిటికన్నా కష్టమైన పని, నాలాగే బరాత్‌లకి గుర్రాలు నడిపే చాచాకి చెప్పడం. అంతకు వారం ముందే ఫంక్షన్ హాల్ దగ్గర ఆయన గుర్రాలూ మావీ ఒకే బకెట్లో నీళ్ళు తాగాయి. దాచిపెడదామా అని ఒక రాత్రంతా ఆలోచించా, అబద్ధమెందుకు. చెప్తే ఆయన సీజన్ కూడా పోతుంది. విని కాసేపు ఊరుకుని, "చెప్పినవ్ కదా బేటా, చాలు" అన్నాడు. తన మూడు గుర్రాలనీ కట్టేసుకున్నాడు, మిగతా గుర్రాలవాళ్ళందరికీ తనే ఫోన్లు చేశాడు. ఆఖరి జ్వరం తగ్గాక 28 రోజులు మా తలుపు మూసే ఉంది. వారానికోసారి గేటు బయట గడ్డి మోపులు దింపిపోయేవాడు, లోపలికి అడుగు పెట్టకుండా.

అడ్వాన్సులు వెనక్కి అడగని పెళ్ళివారికీ దండాలు.

ఎర్రగుర్రం కోలుకుంది. ఈసారి చూడి కడితే అయిదు, ఏడు, తొమ్మిది నెలల్లో టీకా వేయిద్దామంది డాక్టరమ్మ. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం వాళ్ళు దీనికి టీకా తయారుచేశారట. కాళ్ళు పడిపోయే రకాన్ని మాత్రం టీకా ఆపుతుందని నమ్మకం పెట్టుకోవద్దని కూడా చెప్పింది.

ఇప్పుడు ఫంక్షన్ హాల్ దగ్గర ఎవరి బకెట్ వాళ్ళదే. చాచా తనదానికి ఎర్ర రంగు, నాదానికి పచ్చ రంగు వేసి తెచ్చాడు.