256 రంగుల మ్యాక్ అని చెప్పి అమ్మిన అమిగా 1200పై ఫిర్యాదు

విజయవాడ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ప్రకటనలో చెప్పిన ప్రాసెసర్ కాకుండా వేరే ప్రాసెసర్ ఉన్న బోర్డు పంపడం, దానివల్ల మ్యాకింటాష్ ఎమ్యులేషన్‌లో (అమిగాని మ్యాక్‌లా నడిపించడంలో) తెర నత్తనడక నడవడం గురించి.

ఆర్యా,

మీ దగ్గర కొన్న అమిగా 1200ని, అంటే కామడోర్ కంపెనీ పాత హోమ్ కంప్యూటర్‌ని, అమిగాగా వాడుకున్నంతసేపు నాకే ఇబ్బందీ లేదు. కేసు శుభ్రంగా ఉంది, కీబోర్డు బాగుంది, కెపాసిటర్లు మార్చామన్నారు, నిజంగానే మార్చారు. 1994లోనే మూతపడిన కంపెనీ తయారుచేసిన మెషీన్‌ని ఇంత చక్కగా బాగుచేసి ఇచ్చినందుకు మీ వర్క్‌షాపు వాళ్లని మెచ్చుకోవాలి కూడా. నా గొడవంతా మీరు దానికి జోడించి అమ్మిన ఇంకో మాటతో. "68030 ప్రాసెసర్, 40 మెగాహెర్ట్జ్. 256 రంగుల మ్యాకింటాష్‌గానూ పూర్తి వేగంతో నడుస్తుంది" అని మీ ప్రకటనలో ఉంది. మామూలు అమిగా ధరకి దాదాపు రెట్టింపు కట్టింది ఆ మాట నమ్మే. ప్రకటన తెలుగులో ఇచ్చారు కాబట్టి ఫిర్యాదూ తెలుగులోనే రాస్తున్నాను.

అమిగా మీద మ్యాక్‌ని నడిపే షేప్‌షిఫ్టర్ ప్రోగ్రాములో, మ్యాక్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన సిస్టమ్ 7.5 చక్కగా తెరుచుకుంటుంది. అక్కడి నుంచే అవస్థ మొదలు. 640×480, 256 రంగులు పెట్టి పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పేజీని కిందికి జరిపితే తెర పట్టీలు పట్టీలుగా మారడం కంటికి కనిపిస్తుంది. మెనూ దించితే అది పూర్తిగా వచ్చేలోపు చెయ్యి ఇంకోచోటికి పోతుంది. టైపు చేస్తుంటే కాసేపు ఏమీ రాదు, తర్వాత నాలుగైదు అక్షరాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. మా డీటీపీ సెంటర్లో ఒకప్పుడు మ్యాకింటాష్ ఎల్‌సీ ఉండేది. 1990లో వచ్చిన చవక మోడల్, 16 మెగాహెర్ట్జ్ 68020, అదీ 16 బిట్ల బస్సు మీద. దాని నిదానాన్ని మేమంతా తిట్టుకునేవాళ్లం. బోర్డు మీద కెపాసిటర్లు కారి అది పోయింది గానీ, 256 రంగుల్లో పేజీ జరపడంలో మీ 40 మెగాహెర్ట్జ్ మెషీన్ దాని కాలిగోటికి సరిపోదు.

మీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "ఎమ్యులేషన్ అంటే అంతే సార్, ఒక కంప్యూటర్ ఇంకోదానిలా నటించాలి కదా, స్లో అవుతుంది" అన్నారు. అమిగా మీద కామడోర్ 64నో స్పెక్ట్రమ్‌నో నడిపిస్తే ఆ మాట ఒప్పుకుంటాను. అక్కడ ప్రాసెసరే వేరు, ప్రతి ఆదేశాన్నీ విప్పి చూసి ఇంకో భాషలో చేసిపెట్టాలి. మ్యాక్ సంగతి అలా కాదు. ఆనాటి మ్యాక్‌లోనూ అమిగాలోనూ ఉన్నది ఒకే మోటరోలా 68000 కుటుంబం. మ్యాక్ ప్రోగ్రాము ఆదేశాలు అమిగా ప్రాసెసర్ మీద నేరుగా నడుస్తాయి. 1989లో వచ్చిన ఎ-మ్యాక్స్ అనే మ్యాక్ ఎమ్యులేటర్ మామూలు అమిగా 500 మీద కూడా అందుకే బాగా నడిచేది. కాబట్టి ఇక్కడ ఆలస్యం లెక్కలు చేయడంలో లేదు, బొమ్మ గీయడంలో ఉంది. మీ వాళ్లకి ఈ తేడా తెలియకపోతే ఇలాంటి మెషీన్లు అమ్మకూడదు. తెలిసీ అలా జవాబిస్తే అది ఇంకా తప్పు.

మ్యాక్ 256 రంగుల తెరలో ఒక్కో చుక్కకి ఒక బైట్. అవి వరసగా ఉంటాయి. అమిగా అలా కాదు, ఒకే చుక్క రంగుని ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిది బిట్‌ప్లేన్లలో వేరువేరుగా దాస్తుంది. ప్రెస్సులో పనిచేసినవాడిగా చెప్పాలంటే, రంగుల పేజీని నాలుగు ప్లేట్లుగా విడగొట్టినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ ఎనిమిది ప్లేట్లు, అదీ తెర మారిన ప్రతిసారీ కొత్తగా చేయాలి. 640×480 అంటే 3,07,200 బైట్లు. వాటిని విడగొట్టి రాయాల్సిన చోటు చిప్ ర్యామ్, అంటే అమిగా బొమ్మల చిప్‌లు కూడా వాడుకునే మెమరీ. అమిగా 1200లో దానికి సెకనుకి సుమారు 7 మెగాబైట్లకి మించి రాయలేం, అందులోనూ తెరను చూపించే చిప్‌లు తమ వాటా ముందే తీసుకుంటాయి. అంటే విడగొట్టే పనికి అసలు సమయమే పట్టదనుకున్నా సెకనుకి 20 సార్లు పూర్తి తెర మార్చడం కష్టం. యాక్సిలరేటర్ (వేగమైన ప్రాసెసర్ ఉన్న అదనపు బోర్డు) 40 మెగాహెర్ట్జ్ అయినా 50 అయినా చిప్ ర్యామ్ దగ్గర ఆగాల్సిందే. ఫాస్ట్ ర్యామ్ (ప్రాసెసర్ ఒక్కటే వాడుకునే మెమరీ) పెంచుకుంటే సరిపోతుందని మీ వాళ్లు ఇంకో మాడ్యూల్ అమ్మారు కదా, దానివల్ల ఫైళ్లు కాస్త త్వరగా తెరుచుకోవడం తప్ప తెర ఏమాత్రం మారలేదు. ఎందుకు మారదో ఇప్పుడు చెప్పిన దాన్నిబట్టి మీకే తెలుస్తుంది.

దీనికి విరుగుడు ఆ రోజుల్లోనే ఉంది. అసలైన 68030లో మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్, అంటే ఎంఎంయూ, ఉంటుంది. తెర మెమరీలో ఏ పేజీలో రాత జరిగిందో అది గుర్తుపెడుతుంది. 4 కిలోబైట్ల పేజీలు అనుకుంటే మొత్తం తెర 75 పేజీలు. కర్సర్ మిణుకుమంటే మారేది వాటిలో రెండో మూడో. వాటిని మాత్రమే విడగొట్టి రాస్తే చాలు. ఎంఎంయూని ఇలా వాడుకునే వీడియో డ్రైవర్లు షేప్‌షిఫ్టర్‌కి ఉన్నాయి. వాటితో పేజీ మొత్తం జరిపినప్పుడు నిదానంగానే ఉంటుంది గానీ టైపింగు, మెనూలు మనిషి వాడుకునేలా ఉంటాయి. ఎంఎంయూ లేకపోతే ప్రతిసారీ మొత్తం తెరను మార్చాలి, లేదా పాత తెరతో పోల్చి చూసుకోవాలి. రెండింటికీ మూడు లక్షల బైట్లూ చదవాల్సిందే.

మీరే మెమరీ కార్డులో వేసి పంపిన అలాంటి డ్రైవర్ "ఎంఎంయూ లేదు" అని చెప్పి ఆగిపోతోంది. అనుమానం వచ్చి కింది మూత తీసి బోర్డు బయటికి లాగాను. ప్రాసెసర్ మీద మీ కంపెనీ స్టిక్కర్ ఉంది. ప్రకటన ఫొటోలోనూ అదే చోట అదే స్టిక్కర్ ఉంది. అది తీస్తే కింద ఎంసీ68ఇసి030 అని ఉంది. ఆ "ఇసి" ఉందంటే ఎంఎంయూ లేని చవక రకం అని. ఫొటోలు జతచేశాను. స్టిక్కర్ తీశారు కాబట్టి వారంటీ పోయింది అనే జవాబు మాత్రం దయచేసి ఇవ్వకండి. చిప్ పేరు చదవకుండా దాన్ని మూయడానికి తప్ప ఆ స్టిక్కర్‌కి ఇంకో పని నాకు కనిపించలేదు.

ఇక మీ ప్రచార వీడియో. అందులో మ్యాక్ కిటికీలు చకచకా కదులుతున్నాయి. ఆపి చూస్తే మానిటర్స్ కంట్రోల్ ప్యానెల్‌లో "బ్లాక్ అండ్ వైట్" ఎంచుకుని ఉంది. నలుపు తెలుపులో చుక్కకి ఒక బిట్టే, ఒక బిట్‌ప్లేనే. మ్యాక్ తెర, అమిగా తెర ఒకే తీరులో ఉంటాయి, విడగొట్టే పనే ఉండదు. అందుకే అంత వేగం. దాన్ని చూపించి కింద 256 రంగులు అని రాశారు.

చివరిసారి మాట్లాడినప్పుడు మీ వాళ్లు గ్రాఫిక్స్ కార్డు కొనమన్నారు. అది మంచి సలహానే, ఎందుకంటే కార్డుకి సొంత మెమరీ ఉంటుంది, అందులో చుక్కకో బైట్ వరసగా రాసుకుపోవచ్చు. కానీ మీరు చెప్పిన పికాసో టూ, పెద్ద అమిగాల్లో ఉండే జొరో అనే విస్తరణ స్లాట్లో పెట్టే కార్డు. అమిగా 1200లో జొరో స్లాటే లేదు. మీరు అమ్మిన మెషీన్‌లో పట్టని కార్డుని మీరే అమ్మబోయారు. దీని మీద ఇంకేం రాయాలో నాకు తోచడం లేదు.

"బాసిలిస్క్ టూ వేసుకుని ల్యాప్‌టాప్‌లో చూసుకోండి" అని కూడా ఒకాయన అన్నారు, అది ఇప్పటి కంప్యూటర్లలో పాత మ్యాక్‌ని నడిపే ప్రోగ్రాము. అది నా ల్యాప్‌టాప్‌లో ఉంది, మెరుపులా నడుస్తుంది. మా పాత పత్రిక ఫైళ్లు యూనికోడ్‌కి ముందు నాటి తెలుగు ఫాంట్లతో చేసినవి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి తయారుచేసిన ఫాంట్లు కాబట్టి ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. వాటిని పాత మెషీన్ మీద, పాత గాజు తెర మీద పిల్లలకి చూపించాలని ఈ ఖర్చు పెట్టాను. మీరు నాకు అమ్మింది కూడా పాత మెషీన్‌నే, ల్యాప్‌టాప్‌ని కాదు.

నేను అడిగేది ఇంతే. ఎంఎంయూ ఉన్న అసలైన 68030 బోర్డు మీ ఖర్చుతో పంపి, ఇప్పుడున్నది వెనక్కి తీసుకోండి. అది మీ దగ్గర లేకపోతే యాక్సిలరేటర్‌కీ, తర్వాత అంటగట్టిన ర్యామ్‌కీ కట్టిన డబ్బు తిరిగి ఇవ్వండి. అమిగాని నేను ఉంచుకుంటాను. వీటిలో ఏది చేసినా, ప్రకటనలో ప్రాసెసర్ పూర్తి పేరు రాసి, వీడియో ఏ రంగుల మోడ్‌లో తీశారో చెప్పండి. స్టిక్కర్లు తీసేయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 హెల్ప్‌లైన్‌కి చెప్పి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనగా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు, ప్రకటన ప్రతి, చిప్ ఫొటోలు, వీడియోలో ఆ కంట్రోల్ ప్యానెల్ కనిపించే చోటు తీసిన స్క్రీన్‌షాట్ ఈ లేఖతో పంపుతున్నాను. బోర్డు ప్యాక్ చేసి సిద్ధంగా ఉంచాను, కొరియర్ ఎప్పుడు వస్తుందో చెప్పండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
(సంతకం)