చిన్న అంకెను ముట్టుకోవద్దు: పదో తరగతి తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

పదో తరగతిలో ఈ నెల రసాయన సమీకరణాలు, అంటే పదార్థాలు కలిసి వేరే పదార్థాలుగా మారే తీరును సంకేతాల్లో రాసి రెండువైపులా లెక్క కలపడం, మొదలయ్యాయి. కొందరు పిల్లలు గైడు ముందు పెట్టుకుని వీటిని పద్యాల్లా వల్లె వేస్తున్నారు. పరీక్షలో వేరే సమీకరణం వస్తే ఆ బట్టీ అక్కరకు రాదు. ఇది లెక్కపెట్టే పని. రసాయన శాస్త్రం చదవని అమ్మానాన్నలు కూడా పక్కన కూర్చుని సరిచూడవచ్చు. పిల్లల నోట్సులో సంకేతాలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ఇక్కడ మీ వీలు కోసం పలికినట్టే రాస్తున్నాం. సీ అంటే కార్బన్, హెచ్ అంటే హైడ్రోజన్, ఓ అంటే ఆక్సిజన్. అక్షరం కింది చిన్న అంకె ఆ పరమాణువులు ఎన్నో చెబుతుంది. సీఓ₂ కార్బన్ డయాక్సైడ్, హెచ్₂ఓ నీరు.

వంటగ్యాసు సంగతి చూడండి. అందులో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మండితే:

సీ₃హెచ్₈ + ఓ₂ → సీఓ₂ + హెచ్₂ఓ

బాణానికి ఎడమవైపు ఉన్న, కలిసే పదార్థాలు క్రియాజనకాలు, కుడివైపు ఉన్న, కొత్తగా వచ్చేవి క్రియాజన్యాలు. ఎడమవైపు కార్బన్లు 3, కుడివైపు 1. హైడ్రోజన్లు అటు 8, ఇటు 2. మంటలో పరమాణువు కొత్తగా పుట్టదు, మాయమూ కాదు, జట్టు మారుతుందంతే. ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త లావోయిజర్ తూకం వేసి చూపిన ద్రవ్యనిత్యత్వ నియమం ఇదే. అందుకే రెండువైపులా లెక్క కలవాలి.

ముందు కార్బన్: సీఓ₂ ముందు 3 పెట్టాలి. తర్వాత హైడ్రోజన్: నీటి ముందు 4. ఇప్పుడు కుడివైపు ఆక్సిజన్లు లెక్కిస్తే 6, 4 కలిపి 10. ఎడమవైపు ఓ₂ జంటగా ఉంటుంది కనుక దాని ముందు 5.

సీ₃హెచ్₈ + 5ఓ₂ → 3సీఓ₂ + 4హెచ్₂ఓ

ఆక్సిజన్‌ను చివరికి ఎందుకు ఉంచాలంటే, ఎడమవైపు అది వేరే మూలకంతో కలవకుండా విడిగా ఉంది. దాని ముందు అంకె మార్చినా మిగతా లెక్కలు కదలవు. ముందే దాన్ని పట్టుకున్న పిల్లలు ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడి, పేజీ అంతా తిరుగుతూనే ఉంటారు.

కాగితం మీద ఎక్కకపోతే వంటింటి డబ్బాలు తీయండి. కార్బన్‌కు మినుములు, హైడ్రోజన్‌కు పెసర్లు, ఆక్సిజన్‌కు పల్లీలు. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, ఎడమవైపు 3 మినుములు, 8 పెసర్లు ఒక కుప్ప, పల్లీలు రెండేసి చొప్పున 5 జంటలు పెట్టించండి. వాటినే గీత దాటించి సీఓ₂ కుప్పలు, నీటి కుప్పలు చేయమనండి. ఒక్క గింజ మిగలకూడదు, డబ్బాలోంచి ఒక్కటి అరువు తేకూడదు.

ఎక్కువ మార్కులు పోయేది చిన్న అంకె దగ్గర. అక్షరం కింద ఉండే ఆ అంకె పాదాంకం. అది పదార్థం గుర్తింపు. ఆక్సిజన్ ఒకటి తక్కువైందని హెచ్₂ఓను హెచ్₂ఓ₂గా మారిస్తే లెక్క కలుస్తుంది, కానీ నీరు కాస్తా హైడ్రోజన్ పెరాక్సైడ్ అయిపోతుంది. మార్చదగ్గది సంకేతం ముందు రాసే పెద్ద అంకె ఒక్కటే. దాని పేరు గుణకం. గుణకాన్ని సంకేతం మధ్యలో ఇరికించడమూ తప్పే.

రెండో చిక్కు బ్యూటేన్ దగ్గర వస్తుంది. సీ₄హెచ్₁₀ మండితే 4 సీఓ₂, 5 నీరు, ఆక్సిజన్లు 13. బేసి సంఖ్యను జంటలుగా పంచలేం. పిల్లలు ఇక్కడే పెన్ను కింద పెట్టేస్తారు. ఓ₂ ముందు ఆరున్నర అని రాసుకుని, మొత్తం సమీకరణాన్ని 2తో గుణిస్తే సరి:

2సీ₄హెచ్₁₀ + 13ఓ₂ → 8సీఓ₂ + 10హెచ్₂ఓ

ఇక బ్రాకెట్లు. రామగుండంలో యూరియా తయారయ్యే చర్యనే తీసుకుందాం (ఎన్ అంటే నైట్రోజన్, ఎన్‌హెచ్₃ అమ్మోనియా):

2ఎన్‌హెచ్₃ + సీఓ₂ → సీఓ(ఎన్‌హెచ్₂)₂ + హెచ్₂ఓ

బ్రాకెట్ బయటి 2 లోపలున్న అన్నిటికీ వర్తిస్తుంది. కాబట్టి యూరియాలో నైట్రోజన్లు 2, హైడ్రోజన్లు 4. నీటిలోవి 2 కలిపితే 6, ఎడమవైపూ 6. బయటి 2ను మరిచి 2 హైడ్రోజన్లే లెక్కపెట్టిన పిల్లలకు, సరిగానే ఉన్న సమీకరణం తప్పుగా కనిపిస్తుంది.

చిన్న పొరపాట్లు ఇంకో రెండు: ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ వాయువులను జంటగా రాయకపోవడం, 4, 2, 4 అని వచ్చిన గుణకాలను 2, 1, 2గా కుదించకపోవడం.

తూకంతోనూ సరిచూడవచ్చు. 44 గ్రాముల ప్రొపేన్, 160 గ్రాముల ఆక్సిజన్ కలిసి 132 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 72 గ్రాముల నీరు ఇస్తాయి. అటూ ఇటూ 204. గ్యాసు కంటే ఆక్సిజన్ ఎన్ని రెట్లు కావాలో చూశారా? గాలి చాలకపోతే మసి వచ్చి గిన్నె అడుగు నల్లబడుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. వంటింటి కిటికీ తెరవమనడం అందుకే.

ఇంట్లో రోజుకు మూడు సమీకరణాలు చాలు. ప్రతి సమీకరణం కింద మూలకం పేరు, ఎడమ లెక్క, కుడి లెక్క అని మూడు గడుల పట్టిక ఉండాలి. సంతకం పెట్టేముందు ఆ గడులు సరిపోల్చండి. నోట్సులో కొట్టివేతలు కనబడితే కోప్పడకండి. వైట్‌నర్ పూయవద్దని చెప్పింది మేమే. ఏ అంకె దగ్గర దారి తప్పారో ఉపాధ్యాయులకు ఆ కొట్టివేతల్లోనే తెలుస్తుంది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు,
హనుమకొండ