కలప కోత కార్మికుల కొయ్య ఇంటి మరమ్మతు: జమా ఖర్చుల వివరణ

దాతలకు, పేట పెద్దలకు, ఆడపడుచులకు నమస్కారం. రాజమండ్రిలో గోదావరి గట్టు దిగువన, పాత కలప అడితీల వెనక ఉన్న రెండు గదుల కొయ్య ఇంటిని బాగుచేయడానికి మీరిచ్చిన డబ్బు లెక్క ఇది.

జమ మొత్తం 5,23,950 రూపాయలు. పేటలో ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన చందాలు 1,46,500. అడితీల వారు, సామిల్లుల వారు కలిసి 1,20,000 ఇచ్చారు. వడ్రంగి పనివాళ్లు తమలో తాము పోగుచేసి తెచ్చింది 38,000. హైదరాబాదులోనూ విదేశాల్లోనూ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పేట పిల్లలు బ్యాంకు ద్వారా పంపింది 2,10,000. కప్పు మీంచి దించిన ఇనుప రేకులు అమ్మగా 6,300, బ్యాంకు వడ్డీ 3,150.

ఇంత చిన్న ఇంటికి ఐదు లక్షలా అని రసీదు పుస్తకం పట్టుకుని వెళ్లిన ప్రతి వీధిలోనూ అడిగారు. అడగాల్సిందే, డబ్బు వాళ్లది. మా సమాధానం ఇక్కడ రాసి పెడుతున్నాం.

భద్రాచలం, రేకపల్లి అడవుల్లో కొట్టిన దుంగలు శబరి మీద, గోదావరి మీద తెప్పలుగా మన రేవులకు దిగేవి. పచ్చి టేకు నీళ్లలో తేలదు కాబట్టి వెదుళ్లు కట్టి తేల్చుకొచ్చేవారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువల్లో పడవలు తిరగడం మొదలయ్యాక కోసిన కలప డెల్టా ఊళ్లకు నీటి మీదే వెళ్లింది. కోనసీమ మండువా లోగిళ్ల స్తంభాలు చూసి మురిసిపోతాం. ఆ దూలాలు కోసినవాళ్లు ఎలాంటి ఇంట్లో పడుకున్నారో చూపించడానికి మనకు మిగిలింది ఇలాంటి ఒకటీ అరా ఇళ్లే. రాష్ట్రంలో ప్రాచీన కట్టడాల రక్షణకు 1960 నాటి చట్టం ఉంది. దాని జాబితాలో కోటలు, గుళ్లు కనిపిస్తాయి గానీ కూలివాడి ఇల్లు ఎక్కడం కష్టం. అందుకే మీ ముందు చెయ్యి చాచాం.

ఈ ఇంట్లో ఏ రెండు దూలాలూ ఒక్క కొలతలో లేవు. ఒకటి టేకు, పక్కది నల్లమద్ది, ఇంకోటి యేగిస. అడితీలో అమ్ముడుపోని ముక్కలతో కట్టుకున్న ఇల్లని మా మేస్త్రి చూడగానే చెప్పాడు. గోడ పలకల మీద టార్చిలైటు అడ్డంగా వేసి చూస్తే రంపపు గీతలు తిన్నగా, ఎడం ఎడంగా, అక్కడక్కడ వాలు మారుతూ కనిపిస్తాయి. గొయ్యి మీద ఒకడు, గొయ్యిలో ఒకడు నిలబడి పెద్ద రంపం లాగిన కోత అది. మిల్లులో చక్రపు రంపం కోస్తే గీతలు వంపు తిరుగుతాయి. నడి దూలం చివర బొటనవేలు దూరేంత బెజ్జం ఉంది. తెప్ప కట్టేటప్పుడు తాడు దూర్చింది అదేనని మేస్త్రి అభిప్రాయం. దాన్ని పూడ్చవద్దని ముందే చెప్పాం.

ఇక ఖర్చు. మొత్తం 4,69,700. ఇందులో పెద్ద పద్దు వడ్రంగి కూలి, 1,57,500. రోజుకు 1,500 చొప్పున 105 పనిదినాలు. నిట్రాళ్లు, అంటే కప్పు మోసే నిలువు స్తంభాలు, పూర్తిగా మార్చేస్తే ఇందులో సగానికి సగం తగ్గేది, నిజమే. కానీ పుచ్చింది అడుగున రెండేసి అడుగులే. అంతవరకే కోసి, పాత టేకు ముక్కకు కుసులు (ఒకదానిలో ఒకటి దూరే కొసలు) తీసి, కొయ్య చీలలతో అతికించారు. ఒక్కో అతుక్కి నాలుగైదు రోజులు పట్టింది. పై కొయ్య మొత్తం పాతదే నిలిచింది. మా దృష్టిలో ఈ డబ్బంతటిలోకీ సార్థకమైన ఖర్చు ఇదే.

కూలగొట్టిన ఇళ్ల నుంచి కొన్న పాత టేకు 84,000. పెంకులు 46,200. సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ కలిపి 31,400, తాపీ కూలి 68,000. పునాది గోడకు సిమెంటు వాడలేదు, అది చెమ్మను లోపలే పట్టి ఉంచి కొయ్య అడుగును పుచ్చబెడుతుంది. చెదల మందు, జీడిపిక్కల నూనె 14,750. వైరింగు 18,600. కొలతలు, డ్రాయింగులు, ఫొటోలు 22,000. పరంజా కర్రలు, రవాణా 19,800. రసీదు పుస్తకాలు, ఫ్లెక్సీ, పనివాళ్ల టీలు 7,450.

సొంతదారులున్న ఇంటికి పదిమంది డబ్బు ఎందుకని కొందరు పెద్దలు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆ కుటుంబం స్టాంపు కాగితం మీద రాసిచ్చింది: పదిహేనేళ్లు ఇల్లు పడగొట్టరు, అమ్మరు, ఆదివారం ఉదయాలు చూడవచ్చినవాళ్లను ముందు గదిలోకి రానిస్తారు. వాళ్లను ఖాళీ చేయించి మ్యూజియం పెడదామన్న సూచనను మేము ఒప్పుకోలేదు. పొయ్యి వెలిగే ఇంట్లో కప్పు కారితే ఆ రోజే తెలుస్తుంది. తాళం వేసిన ఇంట్లో చెదలు దూలాన్ని తినేశాక గానీ తెలియదు.

దాతల పేర్లు చెక్కిన గ్రానైటు ఫలకం గోడకు బిగిద్దామని ఒక దాత అడిగారు. గోడ కొయ్య పలకలకు మేకు దించడం ఇష్టంలేక, పేర్లన్నీ పుస్తకంలో రాసి ముందు గదిలో ఉంచాం. వారు పెద్ద మనసుతో సరేనన్నారు.

నిల్వ 54,250 రూపాయలు. బ్యాంకులో 53,000, కోశాధికారి చేతిలో 1,250. ఈ డబ్బుతో వానలు పడేలోగా వెనక పంచ వాసాలు మార్చి, చూరు నీళ్లు గోడ మీద పడకుండా కాలువ కట్టించాలి. అంతకు మించి కొత్త వసూళ్లు లేవు. మా పేరు చెప్పి ఎవరైనా చందా అడిగితే ఇవ్వకండి.

బిల్లులు, వోచర్లు, బ్యాంకు పుస్తకం నెలాఖరు వరకు సాయంత్రం పూట గ్రంథాలయంలో ఉంటాయి. రసీదు తెచ్చుకుని మీ పద్దు సరిచూసుకోండి.

ఇట్లు,
మరమ్మతు కమిటీ