28వ నంబరు బస్సు లెక్క

తల్లిదండ్రులకు నమస్కారం.

మూడో తరగతి లెక్కల పేపర్లో అయిదో ప్రశ్న మీద వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా నడుస్తున్న చర్చంతా చదివాను. సిలబస్‌లో లేనిది ఇచ్చామట. ప్రశ్న ఇదీ: 28వ నంబరు బస్సు ఆర్కే బీచ్‌లో 16 మందితో బయలుదేరింది. కాంప్లెక్స్ దగ్గర 9 మంది ఎక్కారు, 4 దిగారు. ఇప్పుడు బస్సులో ఎంతమంది?

ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లలే చాలామంది 49 అని రాశారు. ఒకరిద్దరైతే కనిపించిన అంకెలన్నీ కలిపేసి 57 తేల్చారు. బి సెక్షన్ అమ్మాయి ఒకతె మాత్రం పేపరు అంచున చిన్న బస్సు గీసి, దాని నుదుటి మీద 28 వేసి, 21 అని రాసింది. ఎందుకు కలపలేదమ్మా అంటే, "అది బస్సు నంబరు మేడమ్, బస్సెక్కదు కదా!" అంది. ఆ పేపరు నా టేబుల్ అద్దం కింద ఉంది. (ఎక్కాల్లో తనకి పదికి ఆరే.)

విన్నది బుర్రలో నిలుపుకోవడం, తొందరపడే చేతిని ఆపుకోవడం, ఒక దారి కుదరకపోతే ఇంకో దారి పట్టడం: చదువైనా లెక్కలైనా ఈ మూడూ కావాలి. న్యూజీలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమంది పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడే తమాయించుకోవడం అలవడినవాళ్లు 32 ఏళ్లకు ఆరోగ్యంలో, డబ్బు విషయంలో మెరుగ్గా ఉన్నారని 2011లో ప్రకటించారు. తెలివితేటలు, ఇంటి స్తోమతు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు.

అందుకే ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టమంటే నేను ఒప్పుకోను. పులి-మేకలో మేకను జరిపేముందు పులి ఎటు దూకుతుందో చూసుకోవాలి. వామనగుంటల్లో గింజలు చేతిలోకి తీసేముందే చివరి గింజ ఎక్కడ పడుతుందో మనసులో పంచుకోవాలి. 49 రాసినవాళ్లలో ఒకడు నిన్న నన్నే వామనగుంటల్లో చిత్తుగా ఓడించాడు. వాడికి బుర్ర లేదని మాత్రం నాతో అనకండి.

రెండో తరగతి పిల్లలు తెచ్చిన డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ ప్రాజెక్టులు చూసి ముచ్చటపడ్డాం. థర్మాకోల్‌ని అంత నున్నగా కోసినవారు ఏ సెక్షనో చెబితే బహుమతి ఇస్తాం. రాత్రి పదకొండున్నరకు హోంవర్క్ ఫొటోలు పంపేవారి శ్రద్ధకు కూడా కృతజ్ఞతలు. అయితే ఈ వయసుకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి.

ఫీజు 10వ తేదీలోగా కట్టండి, ఐడీ కార్డు పోయినవాళ్లు ఆఫీసులో చెప్పండి.

శనివారం పదింటికి పేరెంట్స్ మీటింగు. పులి-మేక పలకలు బయటపెట్టి ఉంచుతాను, మీ పిల్లలతో ఒక ఆట ఆడి వెళ్లండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు