బాబాయి తాపీ పరీక్ష

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. తిట్టుకుంటూ ఉంటావని తెలుసు, క్షమించు. అమ్మ మోకాలు నయం. చెల్లి నిశ్చితార్థం శ్రావణంలోకి వెళ్లింది. నాకు పనులు బానే ఉన్నాయి. ఇక అసలు సంగతి. బాబాయి పరీక్షకెళ్లాడు! కలం పట్టే పరీక్ష కాదు, తాపీ పట్టేది.

ఓ అపార్ట్‌మెంట్ పని దగ్గర మేస్త్రీలను సర్టిఫికెట్ అడిగారట. లేదంటే వెనక్కి పంపేశారు. ఆ రాత్రి బాబాయి అన్నం కూడా సరిగ్గా తినలేదు. "నా గోడ చూసి పనిచ్చేవాళ్లురా, ఇప్పుడు కాగితం చూస్తామంటున్నారు" అన్నాడు. లేబర్ కార్డు ఉందిగా అంటావేమో. అది 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో మొదలైంది, సంక్షేమం కోసం ఇచ్చేది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే చాలు. పనితనం గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. అందుకని ఆర్‌పీఎల్‌కి నేనే పేరు రాయించాను. బడికెళ్లకుండా పనిలోనే నేర్చుకున్నవాళ్లకు కొంచెం ఓరియంటేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇస్తారు చూడు, అది.

పరీక్ష చేసిన ఇంజినీరమ్మాయికి మన చెల్లి వయసుంటుంది. ముందు నోటి ప్రశ్నలు అడిగింది. ఇటుకలు ఎందుకు తడపాలి? "ఎండు ఇటుక మాలులో నీళ్లు తాగేస్తుందమ్మా, ఇక సిమెంటుకేం మిగులుతుంది?" స్లాబు కింద సర్వీ కర్రలు ఎప్పుడు తీస్తారు? "గోడకీ గోడకీ మధ్య నాలుగున్నర మీటర్ల లోపైతే వారం, దాటితే రెండు వారాలు. ఓనరు తొందరపెడితే కర్రలు తీయను, నేనే పని మానేసి వెళ్లిపోతా" అన్నాడు. నాకు పెదపూడి ప్రహరీ గుర్తొచ్చింది. నీకూ వచ్చే ఉంటుంది. చాలు, ఈ ఉత్తరం మీ ఆవిడ చదివినా చదువుతుంది.

తర్వాత చేతిపని. తొమ్మిదంగుళాల గోడ, మూల తిప్పాలి, ఇంగ్లీష్ బాండు, అంటే ఒక వరుస పొడుగు ఇటుకలు, ఒక వరుస అడ్డ ఇటుకలు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, ఒకటే టెన్షన్. బాబాయి దారం కట్టాడు, తూకం గుండు వేశాడు, వరుస లేపుతున్నాడు. పక్కన ఓ కుర్రాడు, ఇరవై కూడా ఉండవు, గబగబా కట్టేస్తున్నాడు. అడ్డ ఇటుకల వరుసలో మూల ఇటుక పక్కన నిలువునా చీల్చిన సన్న ముక్క పెట్టాలి కదా, వాడు పెట్టలేదు. కింద జాయింటు మీదే పై జాయింటు పడుతోంది. నేను చూసేసరికే బాబాయి చూసేశాడు. ఇక ఆగుతాడా! తన పని వదిలేసి వాడి దగ్గరికి వెళ్లి, ఇటుక చీల్చి చేతికిచ్చి, "ఇది లేకపోతే మూల విడిపోద్ది నాయనా, పై రెండు వరుసలూ పీకు" అన్నాడు.

ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేస్త్రీగారూ, ఇది పరీక్ష, ఇంకొకరికి చెప్పకూడదు."

"రేపు వీడు ఎవరింటికో ఇదే గోడ కడతాడమ్మా. ఇప్పుడు చెప్పకపోతే ఎప్పుడు చెప్పేది?"

ఆమె ఏమీ అనలేదు. టైమ్ అయ్యేసరికి బాబాయి గోడ ఒక వరుస తక్కువ. మూలమట్టం, రసమట్టం పెట్టి అన్ని వైపులా చూసుకుంది, ఎక్కడా తేడా లేదు. చివర్లో అడిగింది, "మీ దగ్గర ఎంతమంది నేర్చుకున్నారు?" ఆయన వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడురా. మూడో పేరు నీదే. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె కాగితంలో ఆ పేర్లు రాయడానికి గడే లేదు!

అప్పట్నుంచి నాకు ఒకటే కోపం. నేను వైర్‌మన్ పర్మిట్ లేకుండా ఎవరింట్లోనూ వైరింగ్ చేయకూడదు. 1956 కరెంటు రూల్స్‌లో 45వ రూలే ఆ మాట చెప్పింది, దాని తర్వాత వచ్చినవీ అదే చెప్పాయి. లైసెన్సున్న కాంట్రాక్టరు ఉండాలి, పైన సూపర్‌వైజరు ఉండాలి. మంచిదే, కరెంటు ప్రాణాలు తీస్తుంది. మరి స్తంభం? స్లాబు? దానికింద పిల్లలు పడుకోరా? వైర్‌మన్‌కి ఐటీఐలో రెండేళ్లు, తాపీ పనికి ఏడాది కోర్సు ఉంది. కానీ అది చదివినవాణ్ణి మన సైట్లలో నువ్వెప్పుడైనా చూశావా? తాపీ పట్టడానికి పర్మిటే అడగనప్పుడు ఎవడు చేరతాడు? మేస్త్రీకీ, ఇనుప చువ్వలు వంచి కట్టే రాడ్ బెండర్‌కీ లైసెన్సు ఉండాలనే నేనంటాను. కానీ ఇంగ్లీషు ఫారంతో, రాతపరీక్షతో పెడితే మాత్రం బాబాయి లాంటివాళ్లే ముందు బయటికిపోతారు. పరీక్ష తెలుగులో, చేతిపనిగానే జరగాలి. శిష్యుణ్ణి తయారుచేసిన మేస్త్రీ సంతకానికి విలువుండాలి. 1961 నుంచి అప్రెంటిస్‌ల చట్టం ఉన్నా, అది బాబాయి లాంటి మేస్త్రీ చేతికింద పెరిగిన నీలాంటివాడి దాకా...

అన్నట్టు ఆ కుర్రాడు మర్నాడే బాబాయి ఇంటికొచ్చాడు, చేతికింద పెట్టుకోమని. సోమవారం నుంచి వస్తున్నాడు. అచ్చం నీలాగే, టీ టైమ్‌కి మాయమైపోతున్నాడట!

ఫలితం ఇంకా రాలేదు. ఆ వరుస తగ్గినందుకు మార్కులు పోతాయేమోనని నా భయం, బాబాయి మాత్రం ఆ ఊసే ఎత్తడు. నువ్వొకసారి ఆయనకి ఫోన్ చెయ్. ఆదివారం పొద్దున్నే చెయ్, తర్వాతైతే దొరకడు. ఇంకా పెళ్లిసంబంధం సంగతి రాయాలి, దానిదో పెద్ద కథ, కానీ సైటు నుంచి ఫోను, మెయిన్ బోర్డు బిగించాలట, వెళ్తున్నా

నీ చంటి