గ్రంథపాలకులకు లినక్స్ నేర్పండి, పాస్‌వర్డ్ కూడా ఇవ్వండి

సంపాదకుడికి,

అయ్యా,

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే కంప్యూటర్లో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ప్రాసెసర్ ఆ కంపెనీ ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ వాటిలో ఎనిమిదో తరానికి ముందువి, ఏవో కొన్ని తప్ప, ఆ జాబితాలో లేవు. అవి ఎంత చక్కగా పనిచేస్తున్నా లెక్కలోకి రావు. విరాళంగా వచ్చిన కంప్యూటర్లతో, ఎప్పటిదో గ్రాంటుతో కొన్న కంప్యూటర్లతో నెట్టుకొస్తున్న గ్రంథాలయాలకు ఇది పెద్ద చిక్కే. భద్రతా అప్‌డేట్లు అందని ఆ యంత్రాల ముందే పాఠకులు కూర్చుని ఉద్యోగాలకు దరఖాస్తులు నింపుతున్నారు, బ్యాంకు ఖాతాలు తెరుస్తున్నారు. ఇలాంటి సమయంలో విండోస్‌కు బదులుగా ఉచితంగా వేసుకోగలిగే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చాలామంది ఎత్తుతున్నారు. మంచిదే. అయితే దాన్ని ముందు ఎవరి చేతికి ఇవ్వాలన్నది ఎవరూ మాట్లాడటం లేదు. ముందు గ్రంథపాలకులకు ఇవ్వాలని చెప్పడానికే ఈ లేఖ.

ఒక గ్రంథాలయంలో జరిగింది చెబుతాను. కాంట్రాక్టరు మనుషులు వచ్చి అన్ని కంప్యూటర్లలోనూ లినక్స్ వేసి వెళ్లిపోయారు. అక్కడి గ్రంథపాలకురాలికి ఎవరూ ఏమీ చూపించలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఆమెకు ఇవ్వలేదు. తర్వాత ప్రింటరు మొరాయించింది. దాన్ని తిరిగి జోడించాలంటే పాస్‌వర్డ్ అడిగేది. ఆమె ఫోన్ల మీద ఫోన్లు చేసింది, ఎవరూ రాలేదు. చివరికి తెలిసిన కుర్రాడెవరో వచ్చి పైరసీ విండోస్ వేసిపెట్టాడు. ఇప్పుడక్కడ లినక్స్ మాటెత్తితే "మన పనులకు అది పనికిరాదండీ" అంటారు. నేనైతే ఆమెను తప్పుపట్టను. నేర్పనివాళ్లదే ఆ తప్పు.

నిజానికి గ్రంథాలయాలకు ఈ దారి కొత్తది కాదు. 1999లో న్యూజిలాండ్‌లోని హొరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాడుతున్న సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరాన్ని దాటేలా లేదు. ఇప్పుడు విండోస్ 10 విషయంలో మనకు ఎదురైనట్టే, ఒక తేదీ వాళ్ల మీదికి ముంచుకొచ్చింది. వాళ్లు కటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థతో కొత్త లైబ్రరీ వ్యవస్థను రాయించుకున్నారు, 2000 జనవరి మొదటి వారంలో వాడకంలోకి తెచ్చారు. అంతటితో ఆగకుండా, ఎవరైనా వాడుకునేలా దాని సోర్స్ కోడును, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూల రూపాన్ని, విడుదల చేశారు. అదే కోహా. ఈ రోజు ఎన్నో దేశాల గ్రంథాలయాల్లో పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు, కేటలాగు దాని మీదే నడుస్తున్నాయి. ఆ కోహా సర్వర్లు సాధారణంగా డెబియన్ మీదనో ఉబుంటు మీదనో, అంటే లినక్స్ మీదే ఉంటాయి. అంటే కోహా వాడే గ్రంథపాలకులు రోజూ లినక్స్ మీదే ఆధారపడుతున్నారు, ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదంతే. పైగా కోహా బ్రౌజరులో తెరుచుకుంటుంది కాబట్టి, కౌంటరు మీది కంప్యూటరును లినక్స్‌కు మార్చినా రోజువారీ పని ఆగదు.

శిక్షణ అనగానే తెరమీద స్లైడ్లు వేసి చరిత్ర చెబుతారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించారని, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్, అంటే వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం, మొదలుపెట్టారని ఐదు నిమిషాల్లో చెప్పేయవచ్చు. మిగతా సమయమంతా గ్రంథపాలకుల చేతులు కీబోర్డు మీద ఉండాలి.

మొట్టమొదట ప్రతి ఒక్కరికీ లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్ లాంటిది ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఇవ్వాలి. దాని నుంచి కంప్యూటరును ఆన్ చేస్తే, ఇన్‌స్టాల్ చేయకుండానే వ్యవస్థ మొత్తం నడుస్తుంది. హార్డ్ డిస్కులో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోసే వస్తుంది. భయం పోవడానికి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. తమ గ్రంథాలయంలోని కంప్యూటరులో వైఫై దొరుకుతోందా, శబ్దం వస్తోందా, స్కానరు కదులుతోందా అన్నది వాళ్లే పరీక్షించుకోవచ్చు. మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. మూలన పెట్టిన కంప్యూటర్లలో ఎన్ని మళ్లీ బల్ల మీదికి వస్తాయో గ్రంథపాలకులే లెక్క చెప్పగలరు.

ఆ తర్వాత అసలు పనులు నేర్పాలి. ప్రింటరు జోడించడం, అప్‌డేట్లు వేయడం, పాఠకులకు ఒక ఖాతా, సిబ్బందికి వేరే ఖాతా పెట్టడం. అంధులైన పాఠకుల కోసం, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఆర్కా అనే స్క్రీన్ రీడరును ఆన్ చేయడం. స్థానిక భాషలో టైపు చేసే కీబోర్డును అమర్చడం. వీటికంటే ముఖ్యమని నేను అనుకునేది ఇంకొకటి ఉంది. ఒక పాఠకుడు లేచి వెళ్లగానే అతను తెరిచిన ఫైళ్లు, బ్రౌజరు చరిత్ర, లాగిన్లు అన్నీ చెరిగిపోయేలా అమర్చుకోవడం. ఎవరు ఏ పుస్తకం చదివారో బయటపెట్టకూడదన్నది గ్రంథపాలకులు తరతరాలుగా పాటిస్తున్న నియమం. కంప్యూటరు విషయంలో ఆ నియమాన్ని నిలబెట్టే పనిముట్టు వాళ్ల చేతిలో ఉండాలి. లోపల ఏం జరుగుతోందో ఎవరైనా తెరిచి చూడగలిగే వ్యవస్థ అందుకు తగినది.

ఇబ్బందులు లేవని నేను అనను. కొన్ని పాత స్కానర్లకు లినక్స్‌లో డ్రైవర్లు దొరకవు. విండోస్‌లో తప్ప నడవని డిజిటల్ సంతకం సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో టైపు చేసిన పాత ఫైళ్లు గజిబిజిగా కనిపిస్తాయి. వర్డ్‌లో చేసిన పట్టికలు, లినక్స్‌లో దాని బదులు వాడే లిబ్రేఆఫీసులో అప్పుడప్పుడు చెదిరిపోతాయి. వీటిని శిక్షణలోనే దాచకుండా చూపించాలి. అవసరమైన చోట ఒక విండోస్ యంత్రాన్ని ఉంచుకుంటే తప్పేమీ లేదు. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, సుమారు 15,000 కంప్యూటర్లను మార్చి 2013లో ఆ పని ముగించింది. 2017లో తిరిగి విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. కారణాల మీద వాదనలు చాలానే ఉన్నాయి. నాకు అర్థమైనంతవరకు, పైవాళ్ల నిర్ణయంతో వచ్చినది పైవాళ్ల నిర్ణయంతోనే పోతుంది. కేరళ పాఠశాలల్లో ఇలా జరగలేదు. అక్కడ ఐటీ పాఠాలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చినప్పుడు ఉపాధ్యాయులకే పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. పుస్తకాన్ని పదిమంది చేతుల్లోకి పంపడమే వృత్తిగా పెట్టుకున్న మనిషికి ఇది పరాయి సంగతి కాదు. అతని దగ్గరకే విద్యార్థి వస్తాడు, ఉద్యోగం వెతుక్కునేవారు వస్తారు, "ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ పాతదైపోయింది, ఏం చేయాలి" అని అడిగేవారూ వస్తారు. గ్రంథపాలకుడికి తెలిస్తే, పుస్తకంతో పాటు ఆ పెన్‌డ్రైవ్‌నూ అరువివ్వగలడు. కాపీ చేసి ఇచ్చే హక్కు లైసెన్సులోనే ఉంది.

గ్రంథాలయ శాఖలను, గ్రంథాలయ శాస్త్రం బోధించే విశ్వవిద్యాలయాలను నేను కోరేది ఇది. రేపటి గ్రంథపాలకుల పాఠ్యప్రణాళికలో లినక్స్ ప్రయోగశాల పెట్టండి, కోహా సర్వరును విద్యార్థి స్వయంగా నిలబెట్టేదాకా నేర్పండి. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవారికి వాళ్ల గ్రంథాలయంలోనే, వాళ్ల ప్రింటరుతోనే శిక్షణ ఇవ్వండి. సందేహం వస్తే ఫోను ఎత్తే మనిషి ఒకరిని శిక్షణ అయ్యాక కూడా అందుబాటులో ఉంచండి. కంప్యూటర్ల కోసం ఇకపై పిలిచే ప్రతి టెండరులోనూ, అడ్మిన్ పాస్‌వర్డును రాతపూర్వకంగా గ్రంథపాలకుడికి అప్పగించాకే బిల్లు చెల్లిస్తామన్న షరతు చేర్చండి.

భవదీయుడు,
ఒక గ్రంథాలయ పాఠకుడు